మామూలు మనిషి గురించి నలభై పేజీలు ఏం రాయాలి?

కొత్తగా చూసేవాళ్ల కోసం ప్రశ్న మళ్లీ ఒకసారి. చిత్తూరులో స్టేషనరీ కొట్టు నడిపే నాన్నకు వచ్చే నెల 70 నిండుతున్నాయి, భీమరథ శాంతి చేయిస్తున్నారు. వచ్చిన బంధువులకు పంచడానికి ఆయన మీద 40 పేజీల చిన్న పుస్తకం వెయ్యాలని బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కూతురి ఆశ. పుట్టిన ఊరు, చదువు, పెళ్లి, కొట్టు, పిల్లలు అన్నీ రాస్తే మూడు పేజీలకే అయిపోయిందట. "మా నాన్న చాలా మామూలు మనిషి, రోజూ అదే పని, కొట్టు తెరుస్తాడు, రాత్రి షట్టర్ దించి కాసేపు దానికి చెవి ఆనించి వింటాడు, ఇంటికొస్తాడు. చెప్పుకోదగ్గ ప్రత్యేకతలు ఏమీ లేవు. మిగతా పేజీల్లో ఏం రాయాలి?" అని అడిగారు.

అమ్మా, సూటిగా చెబుతా. ఆయన ఏం సాధించాడో వెతకడం ఆపేసి, ఆయనకు మాత్రమే ఉన్న చిన్న చిన్న అలవాట్లు పోగెయ్యండి. పేజీలు వాటంతటవే నిండుతాయి. షట్టర్‌కు చెవి ఆనించి వింటాడని మీరే రాసి, మరుసటి వాక్యంలోనే ప్రత్యేకతలు లేవన్నారు. నేను ఆ వాక్యం దగ్గర ఆగి మూడుసార్లు చదివాను. దాని సంగతి చివర మాట్లాడుకుందాం.

నా గురించి రెండు ముక్కలు. తిరుపతిలో గాంధీ రోడ్డు వెనక సందులో నాకు చిన్న ప్రెస్సు ఉంది. ట్రెడిల్ మిషన్ మీద సీసం అక్షరాలు పేర్చిన రోజుల్లో పనిలో చేరి, తర్వాత కంప్యూటర్ మీద అను ఫాంట్లు, పేజ్‌మేకర్ నేర్చుకుని, ఇప్పుడు కొడుకు చేస్తుంటే పక్కన కూర్చుని ప్రూఫులు చూస్తున్నా. పెళ్లి పత్రికలు, బిల్లు బుక్కులే మా తిండి. మధ్యలో ఎప్పుడు మొదలైందో గానీ షష్టిపూర్తి సంచికలు, పెద్దకర్మ రోజు పంచే చిన్న పుస్తకాలు కూడా వచ్చిపడ్డాయి. వచ్చినవాళ్లందరూ మీలాగే మూడు పేజీలతో వస్తారు. "మిగతాది మీరే ఏదో ఒకటి నింపండి సార్" అంటారు. మొదట్లో నేను మిగిలిన పేజీల్లో గోవింద నామాలు వేసి ఇచ్చేవాణ్ణి. తిరుపతిలో దానికి ఎవరు అడ్డం చెబుతారు!

ఆ పద్ధతి మానిపించింది ఒక పదేళ్ల పిల్ల.

కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన ఒకాయన పోతే, కర్మ రోజుకు పుస్తకం కావాలని పెద్దకొడుకు వచ్చాడు. తెచ్చిన కాగితంలో నిజాయితీపరుడు, కష్టజీవి, క్రమశిక్షణ గలవాడు, అజాతశత్రువు అని ఉంది. ఈ నాలుగు మాటలూ అప్పటికే నేను ఎంతమందికి అచ్చేశానో లెక్క లేదు, పేరు ఒక్కటి మారిస్తే ఎవరికైనా అతికిపోతాయి. నేను రాసుకుంటుంటే, తండ్రి పక్కన నిలబడ్డ పిల్ల, "తాత జ్వరం చూస్తే చెయ్యి తిరగేసి చూస్తాడు" అంది. అదేమిటని అడిగితే నా నుదుటి మీద వేళ్ల వెనక వైపు ఆనించి చూపించింది. అప్పుడు కొడుక్కి గుర్తుకు రావడం మొదలైంది. వాళ్ల నాన్న ఇనప గేటు తీసినా, ఫ్రిజ్ తలుపు తీసినా, గీజర్ కింద కొళాయి తిప్పినా ముందు వేళ్ల వెనక వైపు ఒక్కసారి తగిలించి, ఆ తర్వాతే పట్టుకునేవాడట. పెళ్లి చూపులకు పోయినప్పుడు పిల్లవాళ్ల గేటు కూడా అట్లే తట్టినాడని వాళ్లమ్మ చచ్చేదాకా ఎగతాళి చేసిందట.

కారణం వాళ్ల వృత్తిలో ఉంది. కరెంటు పారుతున్న వస్తువును అరచేత్తో పట్టుకుంటే కండరాలు బిగుసుకుని చెయ్యి దాన్ని ఇంకా గట్టిగా పట్టేస్తుంది, వదిలించుకుందామన్నా రాదు. వేళ్ల వెనక వైపు తగిలితే అదే బిగుసుకోవడం చేతిని అవతలికి లాగేస్తుంది. అందుకని పాతకాలం పనివాళ్లలో కొందరికి ఈ అలవాటు చేతికి ఎక్కేసింది (సరైన పద్ధతి టెస్టర్‌తో చూసుకోవడమే, ఇది చదివి ఎవరూ ఇంట్లో ప్రయత్నించకండి). ఉద్యోగం వదిలి పన్నెండేళ్లయినా ఆయన చెయ్యి మాత్రం డ్యూటీలోనే ఉంది. మనవరాలి జ్వరాన్ని కూడా లైను మీద కరెంటు చూసినట్టే చూసింది. ఆ సంగతి రెండు పేజీలు రాశాం, నాలుగు విశేషణాలూ తీసేశాం. కర్మ రోజు నేనూ వెళ్లా. ఆయనతో పనిచేసిన ముసలాయన ఒకరు భోజనాలకు లేవకుండా కుర్చీలోనే ఆ పేజీ చదివి, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, తన కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంటూ కూర్చున్నాడు.

అప్పటి నుంచి నేను అడిగే ప్రశ్నలు మారిపోయాయి. గుణం చెప్పొద్దు, చేసే పని చెప్పండి అంటాను. "పొదుపరి" అంటే ఎవరి కళ్ల ముందూ ఏమీ కదలదు. వచ్చిన పెళ్లి పత్రికల కవర్లు చింపకుండా విప్పి లోపలి వైపు పాల లెక్క రాస్తాడంటే మనిషి కూర్చుని రాస్తూ కనిపిస్తాడు (మా పత్రికల గతి అదే అని నాకు అప్పుడే తెలిసింది). కోపిష్టి అనకండి, కోపమొస్తే ఏం చేస్తాడో చెప్పండి. ఒకాయన కోపమొస్తే అన్నం దగ్గర నుంచి లేచిపోడట, ఒక్క మాట మాట్లాడకుండా పెరుగన్నం రెండోసారి కలుపుకుని తింటాడట, ఇంట్లో అందరికీ అదే సైరన్.

ఏం అడగాలో తెలియకపోతే ఇట్లా మొదలుపెట్టండి. చొక్కా జేబులో ఎప్పుడూ ఏముంటుంది, నోట్లు ఎట్లా మడతపెడతాడు, కరెంటు పోతే మొదటగా ఏం చేస్తాడు, ప్రయాణానికి ఎంత ముందు బయల్దేరతాడు, ఇంట్లోకి రాకముందే ఆయనేనని ఏ చప్పుడును బట్టి తెలుస్తుంది, సంగటిలో ఏది ముందు నంచుకుంటాడు, ఫోన్ పెట్టేసేటప్పుడు చివరి మాట ఏమంటాడు, ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు ఏం కూనిరాగం తీస్తాడు. చప్పుడు ప్రశ్న మాత్రం వదలకండి. దగ్గు, చెప్పుల ఈడ్పు, బండి స్టాండ్ వేసే తీరు, గడియ తీసే తీరు, ఏదో ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, పైగా ఇంట్లో అందరూ ఒకే సమాధానం చెప్పే ప్రశ్న అదొక్కటే.

ఆయన్ని మాత్రం అడగొద్దు, కనీసం ముందుగా. అడిగితే "నాకేం అలవాట్లమ్మా, సిగరెట్టు లేదు, మందు లేదు" అంటాడు. అలవాటు అంటే మన వైపు పెద్దవాళ్లకు చెడ్డ అలవాటు అనే అర్థం. అదీ గాక, రోజూ చేసే పని చేసేవాడికి కనబడదు. చుట్టూ ఉన్నవాళ్లను అడగండి, ఒక్కొక్కరినీ విడిగా. అందరినీ ఒకచోట కూర్చోబెడితే మీ మేనమామ ఒక్కడే మాట్లాడతాడు, తక్కినవాళ్లు అవునవును అంటారు. అమ్మను వంటింట్లో పని చేసుకుంటూ ఉన్నప్పుడు అడగండి. కొట్టు పక్కన టీ అంగడతన్ని, క్షవరం చేసేతన్ని, పాతికేళ్లుగా సరుకు వేసే ఏజెంటును అడగండి. వీళ్లకు మీ నాన్న ఇంట్లో కనిపించని మనిషిగా తెలుసు. మనవళ్లుంటే మాత్రం ముందు వాళ్లే. పిల్లలకు ఏది చెప్పాలి, ఏది చెప్పకూడదన్న లెక్క ఇంకా రాలేదు, పైగా వాళ్ల కళ్లు తాత చేతుల ఎత్తులోనే ఉంటాయి.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. ఊళ్లో అందరూ చేసేదే మా నాన్న చేస్తే అది ఆయన ప్రత్యేకత ఎట్లా అవుతుంది? నేనూ చాలాకాలం ఇందులో తడబడ్డాను. దీనికి జవాబు నాకు చంద్రగిరి వైపు ఒక పల్లెలో దొరికింది.

అక్కడ ఒక పెద్దావిడకు సహస్ర చంద్ర దర్శనం చేస్తున్నారు, అంటే వెయ్యి పున్నములు చూసిందని, ఎనభై దాటాక చేసేది. కొడుకులు "అమ్మ గురించి ఏముంటుంది సార్, వంట, సేద్యం" అన్నారు. మన వైపు కళ్లంలో గింజలు కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు. రైతు ఇళ్లలో పెద్దవాళ్లందరికీ తెలిసిందే, ఇందులో ఆమె సొంతం ఏమీ లేదు. కానీ ఈమె బీపీ మాత్రలు కూడా అట్లే లెక్కపెట్టేది. చాకలికి వేసే బట్టలు, దోసెలు, నర్సు సూదులు వేస్తుంటే ఆ సూదులు, అన్నీ. తొమ్మిదిమంది మనవళ్లను తిరనాళ్లకు బస్సెక్కిస్తూ ఒక్కొక్కరి నెత్తి మీద చెయ్యి పెట్టి "లాభం, రెండు, మూడు" అని లెక్కపెట్టేది. ప్రతిసారీ మొదట ఎక్కేది పెద్ద మనవడు కాబట్టి వాడి పేరు ఇంట్లో లాభం అయిపోయింది. ఇంటర్ ఫెయిలైన సంవత్సరం కూడా వాడు లాభమే. ఊరందరి అలవాటు కళ్లం దాటి బస్సు మెట్టు దాకా వచ్చింది చూడండి, ఆ దాటిన చోటు నుంచి అది ఆమెది. లైన్‌మన్ చెయ్యి స్తంభం దిగి పిల్ల నుదుటి మీదకు వచ్చిన చోటు కూడా అదే. అలవాటు తనకు పనిలేని చోట కూడా కనబడుతోందా అని చూడండి. కనబడితే పట్టుకోండి.

అలిపిరి నుంచి కొండకు మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ 3,550 మెట్లూ ఎక్కేవాళ్లను చూస్తాం, అది మొక్కు, రోజుకు ఎంతోమంది చేస్తారు. మా చిన్నాయన ఒకాయన ఇరవైసార్లకు పైగా నడిచి ఎక్కాడు, ప్రతి మలుపూ తెలుసు, అయినా ఎదురుగా దిగి వచ్చేవాళ్లను ప్రతి ఒక్కరినీ "ఇంకెంత దూరమబ్బా?" అని అడుగుతాడు. వాళ్లు దగ్గరే అంటే సంతోషిస్తాడు. ఆయన మీద పుస్తకం వేస్తే నేను దీంతోనే మొదలుపెడతా.

ఎప్పటి నుంచి అని అడగడం మర్చిపోకండి. అలవాటు దొరకడం సగం పని, దాని కింద ఏముందో తవ్వడం మిగతా సగం. బ్యాంకులో చేసి రిటైరైన ఒకాయన, స్వస్థలం పీలేరు దగ్గర పల్లె. ఎక్కడ నీళ్లు తాగినా గ్లాసులో చివరి గుక్క వదిలేస్తాడు. కోడలు ఆచారమేమో అనుకుంది, భార్య అతిశయం అనుకుంది, కొడుకు అయితే ఇదేదో మానసిక సమస్య అని నెట్‌లో వెతికాడు. నలభై ఏళ్లలో ఎవరూ అడగలేదు. నేను ఫోన్ చేసి అడిగితే నవ్వాడు. వాళ్లూరి బావి ఎండాకాలం అడుగంటితే చెంబు అడుగున మన్ను దిగేదట, చివరి గుక్క తాగితే నోరంతా కరకర. ఇప్పుడు తాగేది క్యాన్ నీళ్లు, గాజు గ్లాసులో అడుగు దాకా కనబడుతుంది, అయినా చెయ్యి ఆగిపోతుంది. కారణం గొప్పదిగా ఉండాలని ఆశపడకండి. పదింట్లో ఆరు కారణాలు ఇంతే చిన్నవి, రెండిటికి అసలు కారణమే దొరకదు. దొరకనివి దొరకనట్టే రాయండి, కల్పించొద్దు.

ఇదేదో నేను కనిపెట్టిన పద్ధతి అనుకోకండి. మన అన్నమయ్య కథను ఆయన మనవడు చిన్నన్న ద్విపదలో రాసిపెట్టాడు. అన్నమయ్య పాటలు 32 వేలని చెబుతారు, వేలకు వేలు రాగిరేకుల మీద దొరికాయి కూడా. అయినా మా ఇంట్లో పిల్లలకు ఆయన గురించి తెలిసింది ఏమిటంటే, గడ్డి కోయడానికి పోయి వేలు కోసుకున్నాడని, చెప్పులేసుకుని కొండెక్కబోయి సొమ్మసిల్లి పడితే అలమేలుమంగ కనిపించి చెప్పులు విప్పమందని. మనవడు తాత గొప్పతనంతో పాటు వేలునూ చెప్పులనూ వదలకుండా రాశాడు కాబట్టే కదా! అట్లాగే మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. ఆయన ప్రసంగాలు రెండుసార్లు ప్రయత్నించి వదిలేసినవాణ్ణి నేను. తీరిక వేళ డిటెక్టివ్ నవలలు చదివేవాడని, కార్లంటే మోజని తెలిశాక మూడోసారి పుస్తకం తెరిచాను.

ఇక నేను చేసిన తప్పు. ఇది చెప్పకుండా సలహా ఇస్తే మోసం చేసినట్టే.

ఒకాయన షష్టిపూర్తి. కొడుకు మంచి సరదా మనిషి, బోలెడు అలవాట్లు పోగేసి తెచ్చాడు. అందులో ఒకటి, నాన్న ప్రతి శనివారం సాయంత్రం కపిలతీర్థం వెళ్లొస్తానని చెప్పి బయల్దేరి, దారిలో ఒక హోటల్లో ఉల్లిపాయ వేసిన మసాలా దోసె తిని, వక్కపొడి నమిలి ఇంటికొస్తాడు. చదివి నేనూ పగలబడి నవ్వాను, బొమ్మ కూడా వేయించి అచ్చేశాను. మూడువందల కాపీలు. మండపంలో పంచాక తెలిసింది, ఆయనా భార్యా కలిసి శనివారం ఒక్కపొద్దు ఉంటారని. పెళ్లయినప్పటి నుంచి. ఆమె పీటల మీద కూర్చునే ఆ పేజీ చదివింది. ఎవరినీ ఏమీ అనలేదు, పుస్తకం మూసి పక్కన పెట్టింది, పూజ అయ్యేదాకా ఆయన వైపు తిరగలేదు. కొడుకు నా దగ్గరికొచ్చి మిగతా కాపీలు వెనక్కి తీసుకోగలమా అన్నాడు. చేతుల్లోకి పోయినవి ఎక్కడ తీసుకుంటాం? ఇప్పటికీ ఆ వీధిలో పోతే తల వంచుకునే పోతాను.

ఎవరూ గమనించనిది వేరు, ఎవరికీ తెలియకుండా దాచుకున్నది వేరు. మొదటిది రాయండి, రెండోది మీకు తెలిసినా తెలియనట్టే ఉండండి. తేడా తెలుసుకోవడానికి నేనిప్పుడు పెట్టుకున్న నియమం ఒకటే, ప్రూఫు ముందు మీ అమ్మగారు చదవాలి. పక్కన మీరుండకూడదు. ఆమె పెన్ను పెట్టి కొట్టేసినదాన్ని ఎందుకని అడగకుండా తీసెయ్యాలి.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. కొన్ని అలవాట్ల వల్ల ఆ మనిషే బాధపడుతుంటాడు. గ్యాస్ కట్టేశామా అని ఒకసారి వెనక్కి వచ్చి చూసుకోవడం చాలామందిలో ఉన్నదే. రోజూ గంటల తరబడి అదే పనిగా చూసుకుంటూ, ఆపుకోలేక టెన్షన్ పడుతూ ఉంటే అది నవ్వుకోవడానికి రాసే సంగతి కాదు, డాక్టర్‌కు చూపించే సంగతి, మందులూ చికిత్సా ఉన్నాయి. అట్లాగే ఎన్నో ఏళ్ల అలవాటు ఉన్నట్టుండి పోయినా చూసుకోవాలి. రోజూ రాత్రి ఆ రోజు క్యాలెండర్ కాగితం చించి పడుకునే ఒకాయన మూడు నెలలుగా చించడం లేదని, పుస్తకం కోసం అడిగినప్పుడే ఇంట్లోవాళ్లకు తట్టింది. మతిమరుపు మొదలైందని అట్లా తెలిసింది.

మాటల సంగతి. ఆయన మాట్లాడే మాటను ఆయన మాట్లాడినట్టే అచ్చెయ్యండి. మా డీటీపీ కుర్రాడు ఒకసారి "ఎందుకబ్బా ఇంత తొందర, ఇంకా టైముండాది" అన్నదాన్ని "ఎందుకు ఇంత తొందర, ఇంకా సమయం ఉన్నది" అని దిద్ది పెట్టాడు. వ్యాకరణం బాగుంది, మనిషి పోయాడు. మళ్లీ దిద్దించాను. పుస్తకంలో మీ మాట ఎట్లా రాసుకున్నా సరే, కొటేషన్లలో మాత్రం చిత్తూరు చిత్తూరులాగే ఉండాలి.

ప్రెస్సు వైపు నుంచి నాలుగు మాటలు. నలభై పేజీలని పట్టుబట్టకండి, 24 చాలు, 32 అయితే ఎక్కువ. సెంటర్ పిన్ కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరుగుతాయి, కాబట్టి 25 పేజీలు అని మాత్రం ఎవరినీ అడగొద్దు. అక్షరాలు 14 పాయింట్‌కు తగ్గనివ్వకండి, చదివేవాళ్లంతా ఆయన ఈడువాళ్లే. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోయి అచ్చులో మసకగా వస్తాయి, డాక్యుమెంట్‌గా పంపండి. దండలేసుకుని నిలబడ్డ ఫొటోలు రెండు చాలు. ఆయన చేతులు, గల్లా పెట్టె, కళ్లజోడు, బాకీల పుస్తకంలో ఆయన చేతిరాత ఒక పేజీ తీయించండి.

ఇక షట్టర్. కొట్టులో ల్యాండ్‌లైన్ ఉండేదా? ఉంటే దించిన తర్వాత ఫోన్ మోగుతుందేమోనని వినేవాడేమో, ఇప్పుడు సెల్‌ఫోన్ జేబులోనే ఉన్నా చెవి మాత్రం ఆగుతోందేమో. లేకపోతే ఎప్పుడైనా లోపల పిల్లి చిక్కుకుపోయిందా, ఫ్యాన్ కట్టెయ్యడం మర్చిపోయాడా. ఇవన్నీ నా ఊహలు, ఒక్కటీ రాయొద్దు. ఈ వారాంతం చిత్తూరు వెళితే రాత్రి కొట్టు మూసే వేళకు వెళ్లండి, ఆయన చెవి ఆనించినప్పుడు మీరూ పక్కన నిలబడి ఆనించండి, అప్పుడు అడగండి "ఏం నాయనా, ఏం వినబడతా ఉండాది?" అని. ఏం చెప్పాడో వచ్చి ఇక్కడ రాయండి, మూడు రోజుల నుంచి నేనూ అదే ఆలోచిస్తున్నా.